పటం కట్టిన లైసెన్సు

మహబూబ్‌నగర్‌లో నేను మొదటి ఉద్యోగం చేసిన సాఫ్ట్‌వేర్ ఆఫీసు పురుగుమందు వాసన కొట్టేది. ఇది తిట్టు కాదు, ఉన్నమాట. కింద మా యజమాని ఎరువుల దుకాణం, పైన మా ఆఫీసు, మధ్యలో ఇనుప మెట్లు. మందు డబ్బాలు దిగిన రోజు పొద్దుటినుంచీ కళ్లు మండేవి. కిటికీ తెరిస్తే బస్టాండు దుమ్ము, మూస్తే ఆ వాసన. రెండింట్లో ఏదో ఒకటి పీలుస్తూ ప్రోగ్రాములు రాసేదాన్ని.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. ఊళ్లో నాలుగు డబ్బులున్న ప్రతివాడికీ కంప్యూటర్ పిచ్చి పట్టింది. మా యజమానికి పట్టిన కారణం మాత్రం అచ్చమైన పాలమూరు కారణం. "ఎరువుల యాపారం వాన మీద నడుస్తది. వాన మన మాట వింటదా? కంప్యూటర్‌కు వానతోని పనే లేదు" అనేవాడు. అంతవరకు ఆయన తెలివిని నేనూ ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఒప్పుకోవడానికి నాకు ఇంకేమీ దొరకలేదు.

ఆయన పక్కన ఆయన బామ్మర్ది. హైదరాబాద్‌లో ఏదో కోర్సు చేసి వచ్చాడు. చదువు ఒంటబట్టలేదు గానీ మాటలు బాగా అంటుకున్నాయి. టెక్నికల్ మేనేజర్ అని ఒక చెక్క పలక చేయించి బల్లమీద పెట్టుకున్నాడు. ఆ పలకను రోజూ రుమాలుతో తుడిచేవాడు. పక్కనున్న కంప్యూటర్ మీద దుమ్ము మాత్రం నేను తుడవాలి. నేను అప్పుడే బీఎస్సీ ముగించిన పిల్లను, జీతానికి కుదిరినదాన్ని. అంటే పని చేసేది నేను, కంపెనీ అనేది వాళ్లిద్దరు.

మా యజమానికి లైసెన్సు అంటే ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది నమ్మరు. ఎరువుల దుకాణంలో లైసెన్సును గోడకు, అందరికీ కనిపించేటట్టు వేలాడదీయాలి. అది రూలు. తనిఖీకి వచ్చినవాళ్లు గోడవైపు చూస్తారు, ఉందనుకుంటారు, పోతారు. కింద దుకాణంలో ఎరువులది ఒకటి, పురుగుమందులది ఒకటి, విత్తనాలది ఒకటి, మున్సిపాలిటీది ఒకటి, అన్నీ పటాలు కట్టి వరసగా ఉండేవి. దేవుళ్ల పటాలు కూడా అదే వరసలో. పొద్దున్నే షట్టరు ఎత్తగానే మా యజమాని అన్నింటికీ బొట్టు పెట్టి, ఊదుబత్తి తిప్పేవాడు. దేవుడికీ మున్సిపాలిటీకీ ఒకే పొగ. ఆ కాగితాల్లో ఏం రాసుందో ఆయన తండ్రి చదవలేదు, ఆయనా చదవలేదు. లైసెన్సు అనేది చదివేది కాదు, ఉండేది. అంతే.

మాకు దొరికిన మొదటి పెద్ద పని ఊరి చివరనున్న అంధ విద్యార్థుల హాస్టల్‌ది. ఒక ట్రస్టు దాన్ని నడిపేది. పిల్లలకు పాఠాలను బ్రెయిల్‌లో, అంటే వేళ్లతో తడిమి చదివే చుక్కల అక్షరాల్లో, కాగితం మీద అచ్చు కొట్టే మిషిన్ ఒకటి ట్రస్టు తెప్పించింది. కంప్యూటర్లో తెలుగు పాఠం టైపు చేస్తే దాన్ని చుక్కలుగా మార్చి ఆ మిషిన్‌కు పంపే ప్రోగ్రాము కావాలన్నారు. హాస్టల్లో సోషల్ చెప్పే సార్ ఆ పని మీద మా దగ్గరికి వచ్చేవారు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. మా ఇనుప మెట్లు మాత్రం మా కంటే నిబ్బరంగా ఎక్కేవారు. నా పక్కన కూర్చుని ఏ అక్షరానికి ఏ చుక్కలో ఓపికగా చెబితే, ఆ పట్టిక నేను కంప్యూటర్లోకి ఎక్కించాను.

ఆ పట్టిక మాది. పంక్తిని ఎక్కడ విరవాలి, పేజీ ఎట్లా అమర్చాలి, మిషిన్‌తో ఏ భాషలో మాట్లాడాలి, ఈ కష్టమైన సగం మాత్రం మాది కాదు. ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో నాకు దొరికింది. ఎక్కడో ఉన్న ఒక మనిషి రాసి లోకం మీదికి వదిలిన లైబ్రరీ అది. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలది కాదు. ఎన్నో ప్రోగ్రాములకు పనికొచ్చేట్టు ఒకచోట రాసిపెట్టిన కోడు.

ఉచితంగా వచ్చింది కదా అని అది దిక్కులేని సొమ్ము కాదు. దానితోపాటు ఒక లైసెన్సు వచ్చింది. అప్పట్లో ఇట్లాంటివి ముఖ్యంగా రెండు రకాలు చూసేవాళ్లం. గట్టిది జీపీఎల్. దాని కింద ఉన్న కోడును నీ ప్రోగ్రాములో కలిపి పదిమందికి ఇస్తే, నీ ప్రోగ్రాము మూలకోడు, అంటే నువ్వు రాసిన అసలు రాత, మొత్తాన్ని కూడా అదే షరతు మీద వాళ్లకు ఇవ్వాలి. రెండోది మెత్తనిది, ఎల్‌జీపీఎల్, లైబ్రరీల కోసం రాసింది. నీ ప్రోగ్రాము నీదే, దాచుకో, అమ్ముకో, కానీ నువ్వు వాడుకున్న ఆ లైబ్రరీని మార్చుకునే దారి మాత్రం కొన్నవాడికి మూసెయ్యొద్దు అంటుంది. మాకు దొరికింది ఈ మెత్తనిది. ఇంతకంటే మర్యాదగా అడిగే మనిషి నాకు మళ్లీ తగల్లేదు.

ఆ దారి మూయకుండా ఉండడానికి సులువైన పద్ధతి ఉంది. లైబ్రరీని విడి ఫైలుగా కంప్యూటర్లో ఉంచితే, ప్రోగ్రాము అవసరమైనప్పుడు దాన్ని పిలుచుకుంటుంది. షేర్డ్ లైబ్రరీ అంటారు. రేపు ఆ లైబ్రరీలో తప్పు దొరికినా, కొత్తది వచ్చినా, ఆ ఒక్క ఫైలు తీసి ఇంకోటి పెడితే సరి. ఇంకో పద్ధతి, లైబ్రరీని ప్రోగ్రాము కడుపులో కలిపేసి ఒకే ఫైలు చెయ్యడం. అది స్టాటిక్. అట్లా కలిపినా లైసెన్సుకు అభ్యంతరం లేదు. కాకపోతే, కొన్నవాడు కొత్త లైబ్రరీతో మళ్లీ కలుపుకునేందుకు, కలపకముందు ఉన్న మన ముక్కలు, ఆబ్జెక్ట్ ఫైళ్లంటాం వాటిని, అడిగితే ఇవ్వాలి. వాటిని తెరిచి చూసినా మన మూలకోడు చదవడానికి దొరకదు. అవి కలుపుకోవడానికే పనికొస్తాయి.

ఇదంతా నేను ముందే చెప్పాను. మా యజమాని నవ్వాడు.

"ఫ్రీగ ఇచ్చినంక ఇంక కండీషన్లేందమ్మా? యూరియా బస్తా మీద గూడ ఇంగ్లీషుల బారెడు రాసుంటది. ఎవడన్న చదువుతడా? చల్లుకుంటడు, పోతడు."

బామ్మర్ది తన జ్ఞానం బయటపెట్టాడు. "షేర్డ్‌గ పెడితె ఫైలు విడిగ కనపడ్తది. ఇది వేరెటోనిదని తెలుస్తది. స్టాటిక్‌గ కలిపెయ్. ఎవని తాతకు తెల్వది."

నేను వాదిస్తుంటే తానే కూర్చుని కలిపేశాడు. ఆ ఉద్యోగంలో ఆయన తన చేతులతో చేసిన పని నాకు గుర్తున్నంతవరకు అదొక్కటే. పైన మా కంపెనీ పేరు వచ్చే తెర మాత్రం నాతో చేయించాడు. పూలు రాలే బొమ్మ కూడా కావాలన్నాడు. చూపులేని పిల్లల హాస్టల్‌కు తెరమీద పూలు!

సామాను అప్పజెప్పే రోజు ట్రస్టు ఆఫీసు నుంచి ఒక ఫోను వచ్చింది. హైదరాబాద్‌లో దొంగ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లమీద దాడులు జరుగుతున్నాయని అప్పుడు ఊరంతా చెప్పుకునేవారు. మీ దాంట్లో అన్నిటికీ లైసెన్సులు ఉన్నాయా అని వాళ్లు అడిగారు. ఫోను మూతికి చెయ్యి అడ్డంపెట్టి మా యజమాని నన్ను అడిగాడు. "మన దాంట్లకు లైసెన్సు ఉన్నదా?"

"ఆ లైబ్రరీకి ఉంది సార్, నేను చెప్పిందే."

"ప్రింటు తియ్."

తీశాను. అది పేజీలకు పేజీలు. మా డాట్‌మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద, పక్కన బొక్కలున్న పొడుగు కాగితం మీద, గరగరమంటూ వస్తూనే ఉంది. మా యజమాని మొహంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. కింద ఉన్న లైసెన్సులన్నీ కలిపినా ఇంత పొడుగు లేవు. దాన్ని చుట్టచుట్టుకుని గడియారం చౌరస్తాలో దేవుళ్ల పటాలు కట్టే దుకాణానికి పోయాడు. ఆ దుకాణంవాడు రెండు పట్టీలుగా పక్కపక్కన అతికించి, మనిషెత్తు అద్దం వేసి, బంగారు రంగు అంచు కట్టించి ఇచ్చాడు. ఇనుప మెట్లమీద ఇద్దరు హమాలీలు దాన్ని పైకి తెచ్చారు.

మర్నాటినుంచి దానికీ బొట్టు, దానికీ ఊదుబత్తి. గిరాకీలు వస్తే కుర్చీ దాని ఎదురుగా వేయించేవాడు. "మాది దొంగ సాఫ్ట్‌వేర్ గాదు. చూడున్రి, లైసెన్సు ఎంత పెద్దగున్నదో" అనేవాడు. వచ్చినవాళ్లు మెడలెత్తి చూసి, అబ్బో అనేవారు. ఒక్కడంటే ఒక్కడు లేచి దగ్గరికి పోయి చదివిన పాపాన పోలేదు.

కొన్నాళ్లు ప్రోగ్రాము బాగానే నడిచింది. ఎండాకాలం ఇంకా ముదరకముందే హాస్టల్లో వోల్టేజీ ఎక్కువై ఆ మిషిన్ కాలిపోయింది. ట్రస్టు ఎక్కడినుంచో ఇంకో మిషిన్ తెప్పించింది, కొంచెం చిన్నది. చిక్కు అక్కడ వచ్చింది. దాని పంక్తి పొట్టిది. మా ప్రోగ్రాము కడుపులో ఉన్న పాత లైబ్రరీకి పాత మిషిన్ పొడుగు మాత్రమే తెలుసు. పంక్తి నిండా చుక్కలు పంపేది. పట్టినంత వరకు కొట్టి, మిగిలినవి ఆ మిషిన్ మింగేసేది.

సార్ ఒక కాగితం పట్టుకుని వచ్చారు. నా చెయ్యి పట్టుకుని పంక్తి చివర పెట్టారు.

"ఇక్కడ తడుము బిడ్డా. 'కృష్ణా నది మక్తల్ దగ్గర మన జిల్లాలకు' అనేదాక ఉన్నది. ఎనుక ఏంది? నది వచ్చిందా, అలిగి మర్లిపోయిందా? పిల్లలు అడుగుతున్నరు. ఏం చెప్పాలె?"

ప్రతి పంక్తికీ అదే గతి. ఆయన వేలు పంక్తి చివరికి పోయి, అక్కడ ఆగి, లేని అక్షరాల కోసం ఖాళీ కాగితాన్ని వెతికేది. ఆ వేలు వెతుకుతుంటే చూడడం నావల్ల కాలేదు. పదో తరగతి పిల్లలకు పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి. "వాళ్లు చెప్తె రాసెటోడు పక్కన కూసుంటడు. గని చెప్పాలంటె ముందుగాల చదివుండాలె గద" అన్నారు సార్. పిల్లలకు ఉన్న పుస్తకాలు ఆ మిషిన్ కొట్టి ఇచ్చినవే. వేరే పుస్తకం అనేది వాళ్లకు లేదు.

మందు నా సొరుగులోనే ఉంది. ఆ లైబ్రరీ కొత్త వెర్షన్ అంతకుముందే ఇంకో పత్రిక సీడీలో వచ్చింది. పంక్తి పొడుగు మనమే చెప్పుకునే వీలు దాంట్లో ఉంది. షేర్డ్‌గా పెట్టి ఉంటే ఒక్క ఫైలు మార్చి, చాయ్ తాగేలోపు అచ్చు కొట్టుకోవచ్చు. కడుపులో కలిపేశారు కదా, ఇప్పుడెట్లా?

మా యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు. "మిషిన్ మార్చింది మీరు సార్, మేం గాదు. కొత్త వెర్షన్ చేస్తం, మల్ల కొనుక్కోవాలె."

"ట్రస్టు ఒప్పుకునే వరకు పరీక్షలు అయిపోతయి" అన్నారు సార్.

"సార్, ఒక్క లైబ్రరీ మారిస్తే..." అని నేను నోరు తెరిచాను.

"నీకేం తెల్సు? కూసో" అన్నాడు బామ్మర్ది.

సార్ తల నావైపు తిరిగింది. "ఏం మార్చాలె బిడ్డా?"

"ఏం లేదు సార్, కొత్త పిల్ల. ఊకె ఏదో అంటది" అని మా యజమాని ఆయన్ని మెట్లదాకా సాగనంపాడు. సాగనంపడంలో ఆయనకు మంచి మర్యాద ఉండేది.

ఆ రోజు ఇంటికి పోయి మా నాన్న ముందు, అబ్బా అంటాం మేం, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. మా అబ్బాది కళాయి దుకాణం. రాగి, ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూత వేసేవాడు. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ, ఆయన మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆ ఆబ్జెక్ట్ ఫైళ్ల ముక్కలు ఎవరికీ తెలియకుండా ఫ్లాపీలో ఎక్కించి సార్‌కు ఇచ్చేస్తానన్నాను.

"వద్దు బేటీ" అన్నాడు. "చాటుగా ఇస్తే నువ్వు దొంగవవుతావు. తీసుకున్నాయన కూడా అవుతాడు. ఆయనది హక్కు అంటున్నావు కదా, హక్కును దొంగసామాను చేస్తావా?"

తర్వాత మసీదు దేగ్ సంగతి చెప్పాడు. దేగ్ అంటే పెళ్లిళ్లకు బిర్యానీ వండే పెద్ద రాగి పాత్ర. మా మొహల్లాలో అది మసీదు కమిటీది. ఎవరైనా తీసుకుపోవచ్చు, వండుకోవచ్చు, వండింది అమ్ముకోవచ్చు కూడా. ఏం వండావని ఎవరూ అడగరు. కాకపోతే పూత పోయినప్పుడు కళాయివాడి చేతికి రావాలి. ఒక హోటల్ మనిషి దాన్ని తీసుకుపోయి, పొయ్యిలో పెట్టి చుట్టూ మట్టితో కట్టేశాడు, మళ్లీ మళ్లీ ఎత్తే పని లేకుండా. లోపల పూత పోయింది, రాగి చిలుము పట్టింది, తిన్నవాళ్లు వాంతులు చేసుకున్నారు. మా అబ్బా సామాను పట్టుకుని పోతే దేగ్ పైకి రాదు. వాడు మాత్రం, పొయ్యి నాది, ముట్టొద్దు అంటాడు.

"మరి ఏం చేశారు?"

"కమిటీవాళ్లం అందరం పోయాం. పొద్దున, బజారు నిండా జనం ఉన్నప్పుడు. దేగ్ మాది, షరతు నీకు ముందే చెప్పాం, ఇప్పుడు నువ్వే పొయ్యి విప్పు అన్నాం. విప్పాడు. గొంతు పెంచాల్సిన పని కూడా పడలేదు. అడగాల్సినవాళ్లు అడగాలి, అందరి ముందూ అడగాలి."

ఆదివారం హాస్టల్‌కు పోయాను. సార్‌కు అంతా చెప్పాను. ఆ లైబ్రరీ ఎవరిదో, దాని షరతు ఏమిటో, ఆ షరతు మా గోడ మీద మనిషెత్తున బొట్టుతో ఎట్లా నిలబడిందో చెప్పాను. సార్ చాలాసేపు నవ్వారు. తర్వాత నా ఉద్యోగం గురించి అడిగారు. పోతే పోతుంది అన్నాను గానీ, ఆ జీతం మా ఇంట్లో చాలా పనులకు వచ్చేది.

"నీ పేరు బయటికి రానియ్య బిడ్డా. మీ యజమాని నోటితోనే చదువుమనిపిస్త" అన్నారు.

సోమవారం పొద్దున్నే వచ్చారు. ఊదుబత్తి ఇంకా కాలుతోంది. మా యజమాని కుర్చీ వేయించాడు, అలవాటు ప్రకారం పటానికి ఎదురుగానే. సార్ పాత విషయం ఎత్తనేలేదు.

"ట్రస్టోళ్లు మల్ల అడుగుతున్నరు. మీ ప్రోగ్రాముకు లైసెన్సు సక్కగున్నదా అని" అన్నారు.

ఇక చూడాలి మా యజమానిని. ఉత్సాహం పట్టలేకపోయాడు. "సార్! మీ ఎదురుంగనే ఉన్నది. మనిషెత్తు పటం కట్టిచ్చిన. పాలమూరు మొత్తంల గింత లైసెన్సు ఎవనికన్న ఉన్నదేమో చూపియ్యమనున్రి."

"నాకు కనపడదు గద. జర చదివి వినిపియ్యరాదు? అంత ఇన్నంక, నేనే ఇన్న అని చెప్త వాళ్లకు."

"దానికేం భాగ్యం!" అని బామ్మర్దిని పిలిచాడు. బామ్మర్ది పటం దగ్గర నిలబడి, పై పంక్తి చదివి, రెండో పంక్తిలో ఒక మాట దగ్గర ఆగిపోయాడు. కింద ఎవరో పిలుస్తున్నారన్నాడు. ఎవరూ పిలవలేదు, అది నాకూ తెలుసు. మెట్లు దిగిపోయాడు. మా యజమాని నావైపు చెయ్యి ఊపాడు. "నువ్వు చదువమ్మా. పెద్దగ చదువు. సార్‌కు మంచిగ ఇనపడాలె."

లేచాను. పటం ముందుకు పోయాను. ఇంగ్లీషులో మొదలుపెట్టాను. మా యజమాని కళ్లు సగం మూసుకుని, ఇంగ్లీషు ఆ గదిలో మోగుతుంటే తలాడిస్తున్నాడు. ఏదో తన పొగడ్త వింటున్నట్టు ఉంది మొహం. నడుమకు వచ్చేసరికి సార్ చెయ్యెత్తారు.

"ఇది తెలుగుల చెప్పు బిడ్డా. నాకు సమజ్ కాలె."

"చెప్పమ్మా, చెప్పు" అన్నాడు మా యజమాని.

చెప్పాను. ఈ లైబ్రరీని ఎవరైనా తమ ప్రోగ్రాములో కలిపి ఇంకొకరికి ఇస్తే, ఫలానా లైబ్రరీ వాడామని వాళ్లకు చెప్పాలి. తీసుకున్నవాళ్లు ఆ లైబ్రరీని మార్చుకుని మళ్లీ కలుపుకోవడానికి అడ్డం పడకూడదు. దానికి కావలసిన ముక్కలు వాళ్లకు ఇవ్వాలి. ఈ షరతు ఇష్టం లేకపోతే ఆ లైబ్రరీని పంచే హక్కే నీకు లేదు. ఒక్కో మాటా విడివిడిగా, మా యజమాని కోరినట్టు పెద్దగా చెప్పాను.

సగం మూసిన కళ్లు తెరుచుకున్నాయి. "ఏందది? ఆపు, ఆపు. ఎవరు రాసిన్రు అది?"

"మీరే పటం గట్టిచ్చిన్రు గద" అన్నారు సార్. "అయితె ఆ ముక్కలు మాకియ్యున్రి. లైబ్రరీ మేమే మార్చుకుంటం."

"అవన్ని ఊకె రాస్తరు సార్. అన్ని కాగితాల మీద అట్లనే ఉంటయి. ఎవలు పట్టించుకుంటరు?"

"రోజూ ఊదుబత్తి ముట్టిస్తరట గద దానికి. మొక్కుడు మొక్కుతరు, మాట మాత్రం వినరా?"

నాకు నవ్వు తన్నుకొచ్చింది, పెదవి కొరుక్కున్నాను. సార్ గొంతు మాత్రం మారలేదు. "ట్రస్టుకు ఏం చెప్పాలె మరి? లైసెన్సు ఉన్నది, గని అది మొక్కెటందుకే, ఇచ్చెటందుకు గాదు అని చెప్పాల్నా?"

మా యజమాని మొహం అప్పుడు పాలిపోయింది. నన్ను మూలకు పిలిచి గుసగుసగా అడిగాడు. "అంటె మన కోడంత ఇచ్చెయ్యాల్నా? అంత పోతదా?"

"మీ కోడు మీ దగ్గరే ఉంటుంది సార్. ఇది మెత్తని లైసెన్సు. కలుపుకునే ముక్కలు ఇస్తే చాలు. గట్టి లైసెన్సు అయ్యుంటే మొత్తం ఇవ్వాల్సి వచ్చేది."

"గంతేనా?"

గంతే! ఆ మాట విన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇన్నేళ్లకూ చల్లారలేదు. పైసా నష్టం లేని పని. ఇంతకీ వాళ్లు అంత భద్రంగా దాచుకున్న సొత్తు ఏమిటి? సార్ చెప్పగా నేను ఎక్కించిన అక్షరాల పట్టిక, తెరమీద రాలే పూలు. దానికోసం పదో తరగతి పిల్లలను పంక్తి చివర్ల దగ్గర వారాల తరబడి తడుముకోనిచ్చారు. అర్థం కాని కాగితానికి పొగ వేసే ఓపిక ఉంది, అడిగి తెలుసుకునే ఓపిక లేదు. ఛీ అనిపించింది.

బామ్మర్ది అప్పుడు పైకి వచ్చి, ఆ ముక్కలు లేవన్నాడు. డిస్కులో జాగా తక్కువైతే తీసేశాడట. తన చేతులతో చేసిన ఆ ఒక్క పని గుర్తునూ చెరిపేసుకున్నాడన్నమాట. సరే, మూలకోడు ఉంది కదా, నేను కూర్చుని ఆ ముక్కలను మళ్లీ తయారుచేశాను. మధ్యాహ్నానికి ఫ్లాపీలు సార్ చేతిలో పెట్టాను, మా యజమాని చూస్తుండగానే. కొత్త లైబ్రరీ సీడీ పట్టుకుని సార్‌తోపాటే బస్సెక్కి హాస్టల్‌కు పోయాను. "పోయి రా అమ్మా, మన సేవ అని చెప్పు ట్రస్టోళ్లకు" అన్నాడు మా యజమాని వెనకనుంచి. అప్పటికే తేరుకున్నాడు మహానుభావుడు.

హాస్టల్ కంప్యూటర్లో ఈసారి లైబ్రరీని విడి ఫైలుగానే పెట్టాను. రేపు ఇంకో మిషిన్ వచ్చినా నాకోసం, మా ఆఫీసుకోసం వాళ్లు ఎదురుచూడొద్దు. పొట్టి పంక్తి కొలత చెప్పి అచ్చు కొట్టమంటే మిషిన్ టకటకమంటూ మొదలుపెట్టింది. మొదటి కాగితం చింపి సార్ చేతికి ఇచ్చాను. సార్ వేలు కృష్ణా నది దగ్గర మొదలై, మక్తల్ దాటి, పంక్తి చివరికి పోయింది. ఈసారి ఆయన వేలు ఆగలేదు. కింది పంక్తిలోకి దిగి, అట్లాగే సాగిపోయింది. సార్ ఆ కాగితాన్ని పక్కనున్న పదో తరగతి పిల్లకు ఇచ్చారు. ఆ పిల్ల చదువుతూ, "నది వచ్చింది సార్" అంది. నేను బయటికి పోయి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆ రోజునుంచి పరీక్షల దాకా ఆ మిషిన్ పగలంతా మోగిందని తర్వాత విన్నాను.

ఆఫీసులో నన్ను తీసెయ్యలేదు. తీసేస్తే ప్రోగ్రాములు రాసేదెవరు? పటాన్ని మాత్రం ఏం చెయ్యాలో మా యజమానికి తోచలేదు. తీసేద్దామంటే లైసెన్సు లేదనుకుంటారు. ఉంచుదామంటే ఎవరైనా చదువుతారని భయం. బొట్టు పెట్టడం మానేశాడు, ఊదుబత్తి దాన్ని దాటించి అదే గోడమీదున్న దేవుడి పటానికి మాత్రం తిప్పేవాడు. చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. గిరాకీల కుర్చీని తిప్పించాడు. ఎవరొచ్చినా గోడకు వీపు పెట్టి కూర్చోవాలి. కుర్చీ మళ్లీ ఎవరైనా తిప్పుతారేమోనని కాళ్లకింద సున్నంతో గుర్తులు కూడా వేయించాడు.

పరీక్షలయ్యాక సార్ మా ఆఫీసుకు వచ్చారు, నాకు మిఠాయి తెచ్చారు. మెట్ల చప్పుడు వినగానే మా యజమాని గబగబా లేచి, కుర్చీ గుర్తులమీద సరిగ్గా ఉందో లేదో చూసి, చూపులేని ఆ మనిషిని చెయ్యి పట్టుకుని తెచ్చి, గోడకు వీపు పెట్టి కూర్చోబెట్టాడు.

సార్ తల నావైపు తిప్పారు. "ఊదుబత్తి వాసన నా ఎనుకనుంచి వస్తున్నది బిడ్డా. కుర్చీ తిప్పిన్రా?"

"తిప్పారు సార్."

"నాకు గూడనా?" అన్నారు సార్.